ఒకే అంచుకు రెండు ఉత్తరాలు

పదకొండున్నర అయ్యేసరికి ఇల్లు పోలీసులు సోదా చేసి వెళ్లినట్టు తయారైంది. బీరువాలోని బట్టలు మంచమెక్కాయి. మంచం మీది పరుపు గోడకు చేరగిలబడింది. వంటింటి డబ్బాలు సైతం మూతలు తీయించుకుని తాము నిర్దోషులమని నిరూపించుకున్నాయి. రెండు ఉత్తరాలు మాత్రం దొరకలేదు.

“నిన్న సాయంత్రం ఈ బల్ల మీదే పెట్టాను. పైన పేపర్‌వెయిట్ కూడా పెట్టాను,” అంది పాయింటు. ఆ మాట అనడం అది పదోసారి.

“పేపర్‌వెయిట్ భేషుగ్గా ఉంది. దాని కింద ఏమీ లేదంతే,” అన్నాడు లాయరు మావయ్య.

ఆ అమ్మాయికి పాయింటు అన్న పేరు అయిదేళ్ల వయసులో పడింది. పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే మధ్యలో దూరి “నాదొక పాయింటు” అనేది. పదిహేడు నిండినా ఆ అలవాటూ పోలేదు, ఆ పేరూ పోలేదు. బడి రిజిస్టరులో రాయించిన పేరు బళ్లోనే ఉండిపోయింది.

పోయిన ఉత్తరాలు మామూలువి కావు. ఒకటి పెద్ద కాలేజీది, ఇంకోటి కొండ కాలేజీది. లా చదవాలనుకునే పిల్లలు వేలమంది పరీక్ష రాస్తే పెద్ద కాలేజీ అరవైమందిని తీసుకుంటుంది, కొండ కాలేజీ నలభైమందితో సరిపెడుతుంది. పాయింటుకు రెండింట్లోనూ సీటొచ్చింది. రెండు చోట్లా ఫీజు మాఫీ. ఉత్తరం అడుగున సమ్మతి చీటీ ఉంటుంది. చేరదలచుకున్న కాలేజీ చీటీని, జిరాక్సు కాకుండా అసలుదాన్నే, ఈరోజు సాయంత్రం అయిదు లోపల వాళ్ల ఆఫీసులో ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ సీటు వెనక వరసలో కాచుకుని ఉన్నవాళ్లకు పోతుంది.

రెండింట్లో ఏది అన్నదాని మీద ఆ ఇంట్లో మూడు వారాలుగా యుద్ధం నడుస్తోంది. తీరా గడువు రోజు వచ్చేసరికి ఎంచుకోవడానికి ఏదీ లేకుండా పోయింది.

“వచ్చిన రోజునే పెద్ద కాలేజీ చీటీ మీద సంతకం పెట్టి నా చేతికివ్వమన్నాను. విన్నారా?” మావయ్య నల్లకోటు విప్పకుండానే కుర్చీలో కూర్చున్నాడు. “నా ప్రాక్టీసులో నేను ఏనాడూ వాయిదా అడగలేదు. ఇవాళ దీనికోసం అడిగి వచ్చాను.”

“పోయిన మంగళవారం అడిగావు. అంతకు ముందు వారం రెండుసార్లు,” అంది అమ్మ, మంచం కిందినుంచి తల బయటికి పెట్టకుండానే.

అమ్మ ఆ కోర్టులోనే స్టెనోగ్రాఫరు. తమ్ముడు లేచి ఏం వాదించినా రాసుకునేది అక్కే. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఆ పని ఒంటికి పట్టేసింది. ఇంట్లో ఎవరైనా కాస్త గట్టిగా మాట్లాడితే చాలు, ఆమె చూపుడువేలు తనంతట తనే మోకాలి మీద షార్ట్‌హ్యాండు గీస్తుంది.

“నాన్నకు మళ్లీ ఫోన్ చెయ్యవే.”

“ఆరుసార్లు చేశానమ్మా. ఎత్తట్లేదు.”

“అయితే చేతులకు జిగురుంది. జిగురు చేతులతో ఆ మనిషి ఫోన్ ముట్టుకోడు.”

“దొరికితే రెండూ దొరుకుతాయి, లేకపోతే రెండూ పోతాయి,” అన్నాడు మావయ్య. “దొరికాక మాత్రం ఇంక చర్చ లేదు. పెద్ద కాలేజీయే. నేను చదివిన కాలేజీ. గోడ నిండా జడ్జీల ఫోటోలు. నా పేరు చెబితే లేచి కుర్చీ వేస్తారు. ఇంకోటేమో సంతలో బల్ల వేసుకుని సలహాలు చెప్పే కాలేజీ. దాని కాగితం మీద నా చెయ్యి పడదు.”

“నీ చెయ్యి ఎవరడిగారు మావయ్యా?” అంది పాయింటు.

అమ్మ వేలు మంచం కింద నేల మీద ఆ రెండు వాక్యాలూ రాసుకుంది.

వీధి తలుపు తోసుకుని నాన్న వచ్చాడు. చంకలో గోధుమరంగు కాగితంలో చుట్టిన పొట్లం, ముఖం నిండా నవ్వు. ఇల్లు ఉన్న తీరు చూసి గుమ్మంలోనే ఆగాడు.

“ఏం పోయింది?”

“మీ కూతురి ఉత్తరాలు పోయాయి. రెండూ,” అంది అమ్మ.

“ఎందుకు పోతాయి? నా దగ్గరున్నాయి,” అన్నాడు నాన్న. పొట్లాన్ని బల్ల మీద పెట్టి, పుట్టినరోజు బహుమతి విప్పుతున్నంత మురిపెంగా దారం విప్పాడు. లోపల పుస్తకం. వెన్నుకు ఎర్ర గుడ్డ, అట్టలకు నీలం మరకల కాగితం, పేజీపేజీకీ నంబరు ముద్ర. “కుట్టేశాను. దానికి చదువులో వచ్చిన కాగితాలన్నీ ఇందులో ఉన్నాయి. ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి, చివర ఈ రెండు ఉత్తరాలు. ఇంక జన్మలో పోవు.”

అమ్మ వేలు మోకాలి మీదే ఆగిపోయింది.

నాన్న బైండరు. కోర్టు ఎదురు సందులో ముప్పై రెండేళ్లుగా అప్పీలు కట్టలు కుడుతున్నాడు. విడి కాగితం కంటబడితే ఆయనకు నిద్రపట్టదు. విడి కాగితం గాలికి పోతుంది, కుట్టిన కాగితం కోర్టుకు పోతుంది అనేది ఆయన సిద్ధాంతం. ఇంకో బైండరు అయితే అట్టపెట్టెలో దాచేవాడు. అసలు ఇంకో తండ్రి అయితే బల్ల మీదివి ముట్టుకునేవాడే కాదు.

పాయింటు చివరి పేజీలు తిప్పింది. రెండు ఉత్తరాలు ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. చీటీ నంబరు ఎడమ అంచు పొడవునా నిలువుగా అచ్చయి ఉండాలి. ఆ అంచు మొత్తం కుట్టులోకి వెళ్లిపోయింది.

“నాన్నా, వీటిని ఊడదీసి చీటీ ఇవ్వాలి. ఇవాళే. అయిదింటికల్లా.”

నాన్న నవ్వు మెల్లగా ఆరిపోయింది. “ఊడదీయడమా,” అన్నాడు. ఆ మాట ఎప్పుడూ విననివాడిలా అన్నాడు.

---

నలుగురూ మావయ్య కారులో కొట్టుకు వెళ్లారు.

కొట్టు అంటే పది అడుగుల గది. ఒక గోడకు ఇనుప ప్రెస్సు, ఇంకో గోడకు దారపుండలు, కిటికీ కింద పొడవాటి బల్ల. బల్ల మీద సాయంత్రంలోగా కోర్టులో దాఖలు కావలసిన మూడు అప్పీలు కట్టలు నోరు తెరుచుకుని ఉన్నాయి. నాన్న వాటిని పక్కకు నెట్టి పుస్తకాన్ని వెలుతురులో పెట్టాడు. చాలాసేపు చూశాడు.

“కుట్టు పది నిమిషాల్లో విప్పేస్తాను. చిక్కు అది కాదు,” అన్నాడు. “రెండూ పలచటి కాగితాలు. బలం చాలదని ఒకదాని అంచు మీద ఇంకోదాని అంచు వేసి అంటించాను. వెనకవైపు పలచటి కాగితం కూడా పరిచాను. ఇప్పుడవి రెండు కాగితాలు కావు, ఒక్కటే. రాత్రంతా తడిగుడ్డలో పెడితే దేనికది వచ్చేస్తుంది.”

“రాత్రి దాకా ఎక్కడుంది టైము?” అంది అమ్మ.

“లేదు. అందుకని, ఒకదాని అంచు కోసేయాలి. కోసినదాని నంబరు పోతుంది. రెండోది నిక్షేపంలా వస్తుంది.” ఆయన కత్తి తీసుకుని, మళ్లీ కింద పెట్టాడు. కూతురి వంక చూశాడు. “ఏది ఉంచాలమ్మా?”

మూడు వారాలుగా ఆ ప్రశ్న ఆ ఇంట్లో పొద్దునా సాయంత్రం వినబడుతూనే ఉంది. కాని దాని పక్కన కత్తి ఉండటం ఇదే మొదలు.

“అడగటానికేముంది? పెద్ద కాలేజీది ఉంచండి బావా,” అన్నాడు మావయ్య.

నాన్న కదల్లేదు. “నిన్నడగలేదు.”

మావయ్య బల్ల అంచున చేతులు ఆన్చాడు. కోర్టులో ఆఖరి వాదనకు అలాగే ఆన్చుతాడు. “పాయింటూ, నా మాట విను. నువ్వు ఆ లైబ్రరీ చూశావు. అక్కడ నీకు కళ్లనీళ్లు తిరిగాయని మీ అమ్మే చెప్పింది. నిజమా కాదా?”

“నిజమే.”

నిజమే మరి. ఆ ఎత్తైన అరల మధ్య నిలబడినప్పుడు, ఇన్ని పుస్తకాలు ఒక్కచోట ఉంటాయని తనకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేమని పాయింటుకు ఏడుపొచ్చింది. ఇప్పుడు తలుచుకున్నా గుండె పీకుతోంది. అది అక్కర్లేదని ఎవరంటారు? ముందు నుయ్యి వెనక గొయ్యి అయితే ఏదో ఒకదాన్ని తప్పించుకోవచ్చు. రెండు వైపులా కోరుకున్నదే ఉంటే ఎటు తప్పుకోవడం?

“అలాంటిది వదులుకుని ఆ కొండెక్కి ఏం చేస్తావు? చెట్టు కింద బల్ల వేసుకుని కూర్చుంటావా? అది కాలేజీ కాదు. అక్కడ చదువు లేదు, క్రమశిక్షణ లేదు, పద్ధతి లేదు.”

“మావయ్యా, ఒక్క పాయింటు.”

“చెప్పు.”

“చెప్పడం కాదు, అడుగుతాను. మీరు జవాబివ్వాలి.”

మావయ్యను పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి నువ్వు అనే పిలుస్తుంది. ఆ మీరు విని అమ్మ తలెత్తింది. మావయ్యకు కూడా సరదా పుట్టింది. కోటు సర్దుకుని నిలబడ్డాడు.

“కొండ కాలేజీ మీరు చూశారా?”

“చూశాను.”

“ఎన్నిసార్లు?”

“ఒక్కసారి.”

“చదువు లేదని, పద్ధతి లేదని ఒక్కసారికే తెలిసిపోయిందా?”

“తెలివైనవాడికి ఒక్కసారి చాలు.”

“ఆ ఒక్కసారి ఏ పని మీద వెళ్లారు?”

జవాబు ముందే తెలియని ప్రశ్నను సాక్షిని అడగకూడదని ఆమెకు పన్నెండేళ్లప్పుడే నేర్పినవాడు ఈ మావయ్యే. పాయింటుకు ఈ జవాబు తెలియదు. ఎందుకు అడిగిందంటే, అడగాలనిపించి అడిగింది.

మావయ్య నీళ్లు నమిలాడు. ఆయన చూపు మేనకోడలి మీంచి జారి దారపుండల మీదికి, అక్కణ్నుంచి బావ మీదికి వెళ్లింది.

“ఆ దరఖాస్తు సంగతి మీరు చెప్పారా బావా?”

“ఏ దరఖాస్తు?” అంది పాయింటు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. పాతికేళ్లుగా సాక్షుల నోట మాటలు రాబట్టిన మనిషి, తన నోటి మాట బల్ల మీద పడి ఉంటే తీసుకోలేక చూస్తూ నిలబడ్డాడు.

“నీ పాత కాగితాలు కుట్టింది నేనే. కాని కుట్టినవి నేను చదవను, నీవైనా అంతే,” అన్నాడు నాన్న. “బైండరు చదవకూడదు. చదివితే ఈ సందులో ఒక్కరూ నాకు కాగితం ఇవ్వరు.”

“‘ఆ దరఖాస్తు సంగతి మీరు చెప్పారా బావా,’” అని అమ్మ తన మోకాలి మీదినుంచి చదివి వినిపించింది. “రికార్డులో ఉందిరా తమ్ముడూ. కొండ కాలేజీకి నువ్వు దరఖాస్తు పెట్టావా? నాక్కూడా చెప్పకుండా?”

మావయ్య స్టూలు మీద కూర్చున్నాడు. కోర్టు కోటు ఒక్కసారిగా ఆయనకు ఒక సైజు పెద్దదైపోయినట్టు కనిపించింది.

“పెట్టాను,” అన్నాడు. “పెద్ద కాలేజీలో సీటొచ్చాక కూడా పెట్టాను. నాక్కావలసింది కొండ కాలేజీయే. ఇంటర్వ్యూలో ముగ్గురున్నారు. చదువయ్యాక ఏమవుతావు అని అడిగారు. పెద్ద లాయరునవుతానన్నాను. ఎవరికి అని అడిగారు.” ఆయన ఆగాడు. “అంతే. ఎవరికి పెద్ద లాయరువి అని. నాకు అర్థం కూడా కాలేదు. వారం తర్వాత ఉత్తరం వచ్చింది, తీసుకోలేదని. ఆ ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.”

పాయింటుకు గెలిచానన్న సంతోషం రావలసిన చోట ఇంకేదో వచ్చింది. మావయ్య మీద అంత ప్రేమ ఆమెకు చాలాకాలం తర్వాత కలిగింది. మీరు అన్నది మళ్లీ నువ్వులోకి వచ్చేసింది.

“నాక్కూడా ఒకదానికి జవాబు రాలేదు మావయ్యా. కొండ కాలేజీ పిల్లలు బస్‌స్టాండులో సాయం బల్ల వేస్తారు కదా, చూడటానికి వెళ్లి రోజంతా అక్కడే కూర్చున్నాను. హోటల్లో దుప్పట్లు ఉతికే ఆవిడొచ్చింది. పనిలోంచి తీసేశారట. చేతిలో కాగితం, దాని మీద ఆవిడ వేలిముద్ర. ఇందులో నేనేం ఒప్పుకున్నాను తల్లీ అని నన్నడిగింది. నేను చదివి చెప్పాను. అయితే చదవకుండా వేసిన ముద్ర చెల్లుతుందా అంది. నాకు తెలియలేదు. పరీక్షలో నాకొచ్చిన మార్కులన్నీ పెట్టినా ఆ ఒక్కదానికి జవాబు రాలేదు. మూడో ఏడు చదివే అమ్మాయి పక్కన కూర్చుని రెండు నిమిషాల్లో చెప్పింది. పోయిన వారం ఆవిణ్ని పనిలోకి తీసుకున్నారట.”

ఆమె ఊపిరి పీల్చుకుంది.

“నీకు జవాబు రాలేదని ఆ కాలేజీ మీద కోపం. నాకు రాలేదనే దాని మీద ఆశ. లైబ్రరీ అంటావా, పెద్దయ్యాకైనా వెళ్లి చదువుకుంటాను. పుస్తకాలు ఆగుతాయి. ఆవిడలాంటి వాళ్లు ఆగలేరు.”

అభ్యంతరం చెప్పవలసిన చోట మావయ్య చెప్పకపోవడం అమ్మ కోర్టులో ఎన్నడూ రాసుకుని ఎరగదు.

పాయింటు తండ్రి వైపు తిరిగింది. “కొండది ఉంచు నాన్నా.”

నాన్న కత్తి తీసుకున్నాడు. కుట్టు విప్పడం వరకు చకచకా జరిగింది. అంచు కోయవలసిన చోటికి వచ్చేసరికి ఆయన కత్తి ఆపాడు. ముప్పై రెండేళ్లలో కుట్టిన కాగితాన్ని ఆయన ఒక్కసారి కూడా కోయలేదు.

“పట్టుకోనా?” అని పాయింటు ఉక్కు స్కేలు తీసి అంచు మీద ఆనించి, రెండు చేతులా గట్టిగా అదిమింది.

“బైండరు చదవకూడదని అన్నాను కదా,” అన్నాడు నాన్న, కత్తి స్కేలు పక్కన పెట్టి. “ఈ రెండూ మాత్రం చదివాను. అభినందనలు అన్న మాట దాకా చదివాను. ఆ తర్వాత అక్షరాలు కనపడలేదు. అందుకే ఒకే అంచుకు అంటించాను. ఏదీ వెనకబడకూడదని.”

కత్తి కిందికి దిగింది. పెద్ద కాలేజీ ఉత్తరం మెత్తగా ఊడి బల్ల మీద పడింది. నంబరున్న దాని అంచు కొండ కాలేజీ కాగితం వెనకే ఉండిపోయింది. దాన్ని గోకి, మెరుగుపెట్టి, వెనక మళ్లీ పలచటి తెల్లకాగితం పరిచి ఆరబెట్టేసరికి మూడు దాటింది. అమ్మ జడ్జిగారి డిక్టేషనుకు కోర్టులోకి పరుగెత్తింది. నాన్న అప్పీలు కట్టలు అయిదింటికి దాఖలు కావాలి. మావయ్య ఒక్క మాటైనా చెప్పకుండా లేచి వీధిలోకి వెళ్లిపోయాడు.

“కోపం వచ్చినట్టుంది. బస్సులో వెళ్తాలే నాన్నా,” అంది పాయింటు చీటీని ఫోల్డరులో పెట్టుకుంటూ.

బయట కారు హారను మోగింది. మావయ్య అప్పటికే కారును కొండ వైపు తిప్పి పెట్టుకున్నాడు.

“బస్సులో వెళ్తే రేపటికి చేరతావు,” అన్నాడు. “ఎక్కు. నేను గేటు దాకానే వస్తాను.”

---

గేటు దాకా వస్తానన్న మనిషి మెట్ల దాకా వచ్చాడు. మెట్ల దాకా వచ్చినవాడు కౌంటరు దాకా రాకుండా ఉంటాడా? నాలుగూ ముప్పై అయిదుకు ఇద్దరూ అద్దం ముందు నిలబడ్డారు.

అద్దానికి అవతల గుమస్తా చీటీని వెలుతురుకు ఎత్తిపట్టాడు. ఎడమ అంచున మూడు చిల్లులు, వాటిలోంచి మూడు వెలుగుచుక్కలు.

“ఏమయిందమ్మా దీనికి?”

“బైండింగ్ అయిందండీ.”

“చిల్లులున్న చీటీ తీసుకోం.”

మావయ్య నోరు తెరిచాడు. పాయింటు మోచెయ్యి ఆయన కోటుకు తగిలింది. మావయ్య నోరు మూసుకున్నాడు.

“ఒక్క పాయింటండీ,” అంది. “చీటీ మీద ఏడు నియమాలున్నాయి. నంబరు కనబడాలి, కనబడుతోంది. కొట్టివేతలు ఉండకూడదు, లేవు. చిరిగి ఉండకూడదు, చిరగలేదు. చిల్లుల సంగతి ఎక్కడుందో చూపిస్తే ఇంటికెళ్లిపోతాను.”

గుమస్తా ఏడు నియమాలూ వేలుపెట్టి చదివాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు. పక్క బల్ల ఆవిడ తన పని ఆపి వినసాగింది.

“ఇంకా చేరనేలేదు, అప్పుడే వాదిస్తున్నావా?”

“చేరాకే వాదించాలన్న నియమం కూడా కనబడలేదండీ.”

పక్క బల్ల ఆవిడ నవ్వేసింది. గుమస్తా నవ్వు ఆపుకుని నంబరు రాసుకున్నాడు. ముద్ర అందుకోబోతూ అలవాటుగా చీటీని వెనక్కి తిప్పాడు. వెనక ఖాళీగా తెల్లగా ఉంది.

“వెనక అచ్చు ఏదీ?”

పాయింటుకు అప్పుడు గుర్తొచ్చింది. వెనకవైపు పెద్దవాళ్ల సంతకం వరుస ఉంది. వారం కిందటే చదివింది, నాన్న చేత పెట్టించాలనీ అనుకుంది. ఉత్తరాలు పోయిన గొడవలో అది మనసులోంచి పోయింది. నాన్న పరిచిన పలచటి కాగితం కింద కంటికీ కనబడకుండా పోయింది. గుమస్తా గోటితో ఒక మూల లేపి మెల్లగా లాగాడు. ఇంకా పూర్తిగా ఆరని జిగురు కాబట్టి వచ్చేసింది.

తల్లి, తండ్రి, లేదా దగ్గరి బంధువు సంతకం. దాని కింద ఇంకో వరుస: సంతకం చేసినవారు ఎప్పుడైనా ఈ కాలేజీకి దరఖాస్తు చేసుకున్నారా? ఫలితం ఏమిటి?

గోడ గడియారం నాలుగూ నలభై ఎనిమిది చూపిస్తోంది. నాన్న కొండ కింద, ముప్పావు గంట దూరంలో ఉన్నాడు.

పాయింటు మావయ్యను అడగలేదు. దాని కాగితం మీద నా చెయ్యి పడదు అని ఆయన పొద్దున అన్నాడు, అమ్మ రాసుకుంది. నీ చెయ్యి ఎవరడిగారు అని తను అన్నది కూడా ఆ పక్కనే ఉంది. అద్దం అవతలి ముద్ర వైపు చూస్తూ నిలబడింది. ఇంత దూరం వచ్చి, ఒక్క సంతకం దగ్గర ఆగిపోవడమా అనుకుంది.

“పెన్ను,” అన్నాడు మావయ్య.

“మావయ్యా, నువ్వు…”

“పెన్నివ్వవే. టైమయిపోతోంది.”

మొదటి వరుసలో సంతకం పెట్టాడు. సంబంధం అన్నచోట మేనమామ అని రాశాడు. రెండో వరుస దగ్గర పెన్ను ఆగింది. గడియారం ముల్లు కదలడం పాయింటుకు వినబడింది. తర్వాత ఆయన, కోర్టులో రాసేంత గుండ్రంగా, తొందరలేకుండా రాశాడు.

‘చేసుకున్నాను. తీసుకోలేదు. ఈసారి తీసుకున్నారు.’

గుమస్తా అది చదివాడు. కళ్లద్దాల మీంచి మావయ్యను ఒకసారి, పాయింటును ఒకసారి చూశాడు. ముద్ర ఎత్తి దించాడు. ఆ చప్పుడు హాలంతా వినబడింది.

“ముప్పై తొమ్మిదో సీటు. సోమవారం పొద్దున తొమ్మిదింటికి రా,” అన్నాడు ముద్ర వేసిన రసీదు అందిస్తూ. “ఇంక వాదించుకో.”

మెట్ల మీదికి వచ్చి పాయింటు నాన్నకు ఫోన్ చేసింది. మొదటి రింగులోనే ఎత్తాడు.

“చేతులకు జిగురు లేదా నాన్నా?”

“ఉంది. ఫోను అంటుకుపోయింది. చెప్పు.”

“ముద్ర పడింది.”

అవతల నాన్న సందులోకి వెళ్లి, ఎవరికో కాదు, ఉన్నవాళ్లందరికీ ఆ మాట చెప్పడం వినబడింది. జిరాక్సు కొట్టు అతని గొంతు, టైపు కొట్టావిడ గొంతు, ఇంకెవరివో చప్పట్లు వినబడ్డాయి. పాయింటు మెట్టు మీద కూర్చుండిపోయి, కళ్లు తుడుచుకుంటూ పగలబడి నవ్వింది. కొండ కింద ఊరంతా ఎండలో కనిపిస్తోంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఒక్కరోజులో రెండూ గెలిచిన పిల్లను ఆ క్షణాన పట్టేవాళ్లెవరు?

మావయ్య మాత్రం కారు తలుపు తీసి పట్టుకుని కదలకుండా నిలబడి ఉన్నాడు. ఆయన ముఖంలో సంతోషం ఉంది. దాని వెనక ఇంకేదో కూడా ఉంది.

“ఏంటి మావయ్యా?”

“పొద్దున నేనొక పని చేశాను. మీ ఇంటికి రాకముందు.” కోటు విప్పి వెనక సీటులోకి విసిరాడు. “పెద్ద కాలేజీ ప్రిన్సిపాలుగారికి ఫోన్ చేసి, నువ్వు చేరుతున్నావని ఖాయంగా చెప్పేశాను. నాకు చదువు చెప్పిన గురువుగారు. ఎంత సంతోషించారో. రేపు పదింటికి నిన్ను ఆశీర్వదించడానికి స్వయంగా మీ ఇంటికి వస్తున్నారు.”

పాయింటు లేచి నిలబడింది. “ఆయనకేం చెప్తావు?”

“నేనెందుకు చెప్తాను? నాకు రేపు కోర్టుంది, ఇంక వాయిదా అడగలేను. కేసు నీది, నువ్వే వాదించు.” ఆయన స్టీరింగు ముందు కూర్చున్నాడు. “ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో. ఆయన మీద ఇంతవరకు ఎవరూ గెలవలేదు. నేనూ గెలవలేదు.”

పాయింటు ముందు సీటులో కూర్చుని తలుపు వేసుకుంది. ముద్ర పడిన రసీదును ఒళ్లో పెట్టుకుని కాసేపు ఆలోచించింది.

“మావయ్యా, ఒక్క పాయింటు. అడిగేవాళ్లకే జవాబు తెలియని ప్రశ్న ఆయన్ను ఎవరైనా అడిగారా?”

తాళం తిప్పబోయిన మావయ్య చెయ్యి ఆగింది.

“లేదు,” అన్నాడు. “ఇంతవరకు ఎవరూ అడగలేదు.”